అన్నీ ఒక్కచోటే పగిలాయి

బుధవారం టీకాల రోజు. పర్చూరుకు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి ఆరోగ్య కేంద్రం వరండాలో పదిగంటలకే పిల్లల ఏడుపు మొదలైంది. ఒకరు ఏడిస్తే చాలు, మిగిలినవాళ్ళు సూది చూడకుండానే అందుకుంటారు. అక్కడి నర్సు జాస్మిన్‌కు ఆ ఏడుపు ఆపే ఉపాయం ఒకటి తెలుసు. తెల్ల కోటు జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి, పిల్ల అరచేతిలో పెట్టి, గుప్పిట మూయించి, ఆ గుప్పిటను తన రెండు చేతులతో పట్టుకుని ఊపుతుంది. తెరిస్తే బిళ్ళలు రెండుంటాయి. పిల్ల నోరు తెరుచుకుని చూస్తుండగానే సూది పని అయిపోతుంది.

అందులో మర్మమంతా చిప్పలో ఉంది. పాత అర్ధరూపాయంత ఉండే బిళ్ళ మీద ఇంకో బోలు బిళ్ళ మూతలా కూర్చుంటుంది, దాన్నే చిప్ప అంటారు. కలిపి చూస్తే ఒక్కటే. ఊపితే ఆ మూత జారి పక్కకొస్తుంది, రెండవుతాయి. చెలామణీలో ఉన్న డబ్బును కోయకూడదు కాబట్టి రాజు తల అచ్చు వేసిన ఉత్తుత్తి బిళ్ళలతో వీటిని చేస్తారు. పిల్ల తిరగేసి చూడకముందే ఆ చిప్పను లాగేసుకోవాలి. జాస్మిన్ ఆ పని రెప్పపాటులో చేస్తుంది.

ఆ రోజు ఐదేళ్ళ ఉదయశ్రీ వంతు వచ్చింది. బూస్టర్ వేయించడానికి వాళ్ళమ్మ చెంచమ్మ పత్తి చేలో పని మానుకుని తీసుకొచ్చింది. జాస్మిన్ బిళ్ళ పెట్టి గుప్పిట మూసింది. ఊపింది. లోపల ఏదో చిటుక్కుమంది. పిల్ల కెవ్వుమని చెయ్యి తెరిచేసరికి చిప్ప అంచు చీలి, దాని కొన బొటనవేలి కింద గుచ్చుకుని ఉంది. నెత్తురు సన్నగా మణికట్టు దాకా కారింది.

"నర్సమ్మా, సూది వేస్తారని తెచ్చా గానీ, నా బిడ్డ చెయ్యి కోస్తారని తెచ్చానా?" అంది చెంచమ్మ.

జాస్మిన్ గాయం కడిగి పట్టీ వేసింది. టీకా వేయమని సూదిని పక్క నర్సుకు ఇచ్చింది. డాక్టరు గారు లోపలికి పిలిచి, కేకలేమీ వేయకుండానే చెప్పారు. "రేపటి నుంచి ఈ బిళ్ళలు నాకు ఇక్కడ కనిపించకూడదు, జాస్మిన్. పిల్లలు నవ్వకపోయినా పర్వాలేదు."

ఇలా పగలడం అది మొదటిసారి కాదు.

ఐదేళ్ళ కిందట జాస్మిన్ గుంటూరులో మార్కండేయులు మాస్టారి దగ్గర ఈ విద్య నేర్చుకోవడం మొదలుపెట్టింది. బ్రాడీపేటలో ఒక మేడ మీద ఆయన ప్రతి నెలా రెండో శనివారం తరగతి నడుపుతాడు, కింద గదిలో సామాను అమ్ముతాడు. జిల్లాలో ఎక్కడ ఏ గారడీ చేసేవాడైనా ఆయన శిష్యుడే, ఆయన సరుకు కొన్నవాడే. జాస్మిన్ కొన్న మొదటి చిప్ప నాలుగు నెలల్లో పగిలింది. తీసుకెళ్ళి చూపిస్తే ఆయన బిళ్ళ వైపు చూడనైనా లేదు. "గట్టిగా పట్టుకుంటున్నావమ్మాయ్. పువ్వు పట్టుకున్నట్టు పట్టుకోవాలి" అన్నాడు. నిజమే అనుకుని ఆమె ఆరు నెలలు పువ్వుల్ని పట్టుకున్నట్టే పట్టుకుంది. రెండోదీ పగిలింది.

తర్వాత అయస్కాంతం దాచిన బిళ్ళలో అయస్కాంతం ఊడి వచ్చింది. "నువ్వు నర్సువి కదా, చేతికి స్పిరిట్ ఉంటుంది. బంక కరిగిపోతుంది" అన్నాడు. అప్పటి నుంచి గారడీ చేసే ముందు ఆమె సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగేది. సీసా మూతిలోకి దూర్చడానికి సగానికి మడిచే బిళ్ళ ఒకటుంటుంది. దాని అంచు చుట్టూ సన్నటి గాడిలో రబ్బరు తిప్పి ఉంటుంది. మే నెల ఎండలకు ఆ రబ్బరు ఎండిపోయి, ఒక పుట్టినరోజు వేడుకలో ముప్పై మంది ముందు పుటుక్కున తెగింది. బిళ్ళ రెండు ముక్కలై సాంబారు గిన్నెలో పడింది. "ఎక్కువ లాగావు" అన్నాడు మాస్టారు. చిప్పలు పగులుతూనే ఉన్నాయి. ఆమె గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంది. పౌడరు రాసుకుంది. ఇంట్లో రబ్బరు తొడుగులు వేసుకుని, ఒత్తిడి తగ్గించడం కోసం కోడిగుడ్లతో సాధన చేసింది. గుడ్లు ఒక్కటీ పగల్లేదు. అయినా తన చేతుల్లోనే ఏదో లోపం ఉందని నమ్మింది. చెబుతున్నది గురువు మరి.

ఆయన ఇంకొక మాట కూడా చెప్పేవాడు. పగిలిన సరుకు ఎక్కడా పారేయొద్దు, ఎవరికీ చూపించొద్దు, విద్య రహస్యం బయటపడితే గురుద్రోహం అవుతుంది అని. అందుకని ఆమె పగిలిన చిప్పలన్నీ ఒక టాల్కం పౌడర్ డబ్బాలో దాచింది. ఉదయశ్రీ చెయ్యి కోసినదానితో కలిపి ఏడయ్యాయి.

ఆ రెండో శనివారం జాస్మిన్ చిలకలూరిపేట మీదుగా గుంటూరు బస్సెక్కింది. తరగతిలో పది పన్నెండు మంది ఉన్నారు. జరిగింది చెప్పి, చీలిన చిప్పను బల్ల మీద పెట్టింది.

"పిల్లకి గాయమైంది మాస్టారూ. ఇంకా పెద్దగా తెగుంటే ఏమయ్యేదో. ఇది సరిగ్గా చేశారా లేదా, ఒకసారి చూడండి" అంది.

మార్కండేయులు చిప్పను వేలితో పక్కకు నెట్టాడు. "నీ చేతులు చూపించు."

ఆమె చూపించింది. చిన్నప్పుడు బడిలో గోళ్ళు చూపించినట్టు, అందరి ముందూ రెండు చేతులు చాపి నిలబడింది.

"మీ అమ్మ ఏం పని చేస్తుందన్నావ్?"

"కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని."

"ముచ్చికలు తీసే చేతులు. అవే నీకొచ్చాయి. ఇది నెత్తురులో ఉండే సంగతమ్మాయ్, నేర్పితే పోయేది కాదు. ఇది సున్నితమైన విద్య. నీకు కార్డులు నయం, కార్డులు చేసుకో."

ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్ళు తల దించుకున్నారు. జాస్మిన్ చేతులు వెనక్కి తీసుకుంది. బల్ల మీది చిప్పను తీసుకుని, ఒక్క మాటా అనకుండా మెట్లు దిగింది.

రోడ్డు మీదకొచ్చాక గాని ఆ మాట పూర్తిగా తలకెక్కలేదు. తన గోళ్ళు, తన చెమట, తన స్పిరిట్, ఇప్పుడు అమ్మ చేతులు. ఆయన ఐదేళ్ళలో ఒక్కసారి కూడా బిళ్ళను తిప్పి చూడలేదు. అంత కోపం తనకు వస్తుందని ఆమెకే తెలియదు. బస్టాండుకు పోయే దారిలో వాచీలు బాగుచేసే ఒకాయనకు చిప్ప చూపించి, దీన్ని చూసి చెప్పగలిగేవాళ్ళు ఎవరని అడిగింది. ఆటోనగర్‌లో లేతు మిషను నడిపే జాన్ బాషా దగ్గరికి వెళ్ళమన్నాడాయన.

జాన్ బాషాకు అరవై దగ్గర పడ్డాయి. పర్చూరు దగ్గర నర్సుగా పనిచేస్తున్నానని చెప్పి జాస్మిన్ చిప్పను ఆయన చేతికిచ్చింది. నూనె గుడ్డతో చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు నుదుటి మీంచి దించి, చిప్పను వెలుతురుకు పట్టాడు. చూసీ చూడగానే అదేమిటో ఆయనకు తెలిసిపోయింది. అది జాస్మిన్ గమనించింది.

"ఇంకా ఉన్నాయా సిస్టర్, ఇట్టాంటివి?"

ఆమె పౌడరు డబ్బా మూత తీసి మిగతా ఆరూ బల్ల మీద గుమ్మరించింది. ఆయన ఏడింటినీ రాజు ముఖం ఒకే వైపు ఉండేట్టు వరసగా పేర్చాడు. పేర్చి, పక్కకు జరిగాడు.

"చూడండి."

ఏడింటికీ చీలిక రాజు మెడ కిందే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

"చేతి తప్పైతే ఒక్కోటి ఒక్కోచోట పగలాలి. అన్నీ ఒక్కచోటే పగిలాయంటే తప్పు సరుకుది. ఇత్తడి కడ్డీని లేతు మీద తొలిచి చేస్తే అంచుకు అతుకు ఉండదు. ఇది పల్చటి రేకును అచ్చు కొట్టి, చుట్టూ ఉంగరంలా పట్టీ చుట్టి అతికించారు. పట్టీ రెండు కొనలూ కలిసే చోటు ఇదే. అక్కడే విడిపోయింది. మీరు కాదు, దేవుడు పట్టుకున్నా విడిపోద్ది."

జాస్మిన్ ఆ ఏడింటిని చూస్తూ నిలబడింది. కోడిగుడ్లు గుర్తొచ్చాయి. వేసవిలో సెలవు రోజుల మధ్యాహ్నాలన్నీ తొడుగులు వేసుకుని సాధన చేసినవి గుర్తొచ్చాయి.

"మీకెట్టా తెలుసు ఇదంతా?"

జాన్ బాషా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మొదటి ఇరవై నేనే చేసిచ్చా మార్కండేయులు గారికి. కడ్డీ తొలిచి. ఒక్కోదానికి పూట పట్టేది. తర్వాత ఇంత సేపు పట్టే పని వద్దని, ఎక్కడో అచ్చు కొట్టించుకుంటున్నాడు. నాకు ఒకటి చూపించాడు కూడా. నిలవదని చెప్పా. నిలవకపోతేనేం, మళ్ళీ కొంటారు అన్నాడు."

"ఎప్పుడు చెప్పారు?"

"ఆరేళ్ళయింది."

"ఆరేళ్ళ నుంచి మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

ఆయన గుడ్డ మడత పెట్టాడు. "నన్నెవరూ అడగలేదమ్మా."

"అడగకపోతే చెప్పరా?" జాస్మిన్ గొంతు పక్క షెడ్డులోకి వినిపించింది. అక్కడ వెల్డింగ్ చేస్తున్నతను తల తిప్పి చూశాడు. "నేను ఐదేళ్ళు నా చేతులు బాగోలేవనుకున్నా. ఒక పిల్ల చెయ్యి తెగింది. మీరిక్కడ కూర్చుని అన్నీ తెలిసి ఊరుకున్నారు."

జాన్ బాషా తల ఎత్తలేదు. ఆమె ఏడు చిప్పలూ డబ్బాలో వేసుకుని వచ్చేసింది.

ఇంట్లో తల్లి ఎలీసమ్మ అప్పుడే పనినుంచి వచ్చి, మండుతున్న చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చుని ఉంది. జాస్మిన్ చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి మాస్టారు అన్న మాట కూడా చెప్పేసింది.

"నా చేతులు ఏం చేశాయంట?" అంది ఎలీసమ్మ.

"మొరటువంట. నాకూ అవే వచ్చాయంట."

ఎలీసమ్మ మజ్జిగలోంచి చేతులు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ముప్పై ఏళ్ళలో ఈ చేతుల్లో ఒక సాసరు కూడా పగల్లేదే. కాయ నలక్కుండా, గింజ రాలకుండా ముచ్చిక తీయడం ఆయన్ని ఒక్క పూట చెయ్యమను, చూద్దాం." చేతులు మళ్ళీ మజ్జిగలో పెట్టి అంది. "ఆయన అట్టా అంటే నువ్వేమన్నావ్?"

"ఏమీ అనలేదు."

"ఎందుకనలేదు?"

జాన్ బాషాను తాను అడిగిన ప్రశ్నే అది.

మర్నాడు చర్చి అయ్యాక ఆమె చెంచమ్మ ఇంటికి వెళ్ళింది. ఉదయశ్రీ పట్టీ మాసిపోయి ఉంది, గాయం మాత్రం మానుతోంది. పట్టీ మార్చి, తప్పు ఎక్కడ జరిగిందో చెంచమ్మకు చెప్పింది. గారడీ రహస్యం బయటపెట్టకూడదన్న మాట గుర్తొచ్చినా ఆగలేదు. చీలిక చూపించింది. చెంచమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "నకిలీ పత్తి విత్తనాలు అమ్మినోడూ ఇదే మాటన్నాడు నర్సమ్మా. మీ నేల మంచిది కాదన్నాడు" అంది. తిట్టలేదు. మంచినీళ్ళిచ్చింది.

మూడు వారాల తర్వాత మార్కండేయులు పాతికేళ్ళ గురుత్వానికి సన్మానం. గుంటూరులో చిన్న కల్యాణ మండపం తీసుకున్నారు. ఒంగోలు నుంచి, చీరాల నుంచి, సింగరాయకొండ నుంచి శిష్యులొచ్చారు. అరవై మంది దాకా ఉంటారు, అందరూ విద్య తెలిసినవాళ్ళే. ఒక్కొక్కరికీ పది నిమిషాలు. ఆహ్వాన పత్రికలో జాస్మిన్ పేరు ముందే అచ్చయి ఉంది కాబట్టి తీసేయలేదు. ఆమె వెంట ఎలీసమ్మ కూడా బయల్దేరింది. ఎందుకని అడిగితే, "నా చేతుల సంగతి కదా" అంది. చివరి వరసలో కూర్చుంది.

జాస్మిన్ వేదిక మీదికెళ్ళి గురువుకు నమస్కారం పెట్టింది.

"మాస్టారూ, మీరు వాడే చిప్ప ఒకసారి ఇస్తారా?"

శాలువా కప్పుకుని పెద్ద కుర్చీలో కూర్చున్న మార్కండేయులు నవ్వుతూ జేబులోంచి తీసిచ్చాడు. గురువు బిళ్ళతో శిష్యురాలు గారడీ చేస్తుందనుకుని జనం చప్పట్లు కొట్టారు. జాస్మిన్ రెండో చేతిలో కొత్త చిప్ప ఒకటి పట్టుకుంది. ఆ ఉదయమే బ్రాడీపేట కొట్లో, ఆయన కొడుకు చేతుల మీదుగా కొన్నది.

"ఇది మాస్టారిది. ఇది ఇవ్వాళ కొన్నది, ఇంకా ఎవరి చెయ్యీ తగలలేదు" అంటూ రెండింటినీ నడుము ఎత్తు నుంచి గ్రానైట్ గచ్చు మీదికి వదిలేసింది. మాస్టారిది ఖంగున మోగి గిరగిరా తిరిగి ఆగింది. కొత్తది మోగకుండా టప్పున పడింది. జాస్మిన్ వంగి రెండూ తీసుకుని ముందు వరసవాళ్ళకిచ్చింది.

"ఎక్కడ చీలిందో చూడండి."

"రాజు మెడ కింద" అన్నారెవరో.

ఆమె డబ్బా తెరిచి ఏడింటినీ బల్ల మీద వరసగా పేర్చింది. "ఇవి ఐదేళ్ళలో నా దగ్గర పగిలినవి. చివరిది ఒక పసిపిల్ల చెయ్యి కోసింది. ఇవీ అక్కడే చీలాయి. నా చేతుల్లో లోపముందని మాస్టారు చెప్పారు, మా అమ్మ చేతులవల్ల వచ్చిందని కూడా చెప్పారు. మీ దగ్గర పగిలినవి ఉంటే, ఎక్కడ పగిలాయో మీరే చూసుకోండి."

మార్కండేయులు లేచాడు. "ఏమ్మా, విద్య రహస్యాన్ని సభలో పెడతావా? ఇది గురుద్రోహం."

"ఇక్కడున్న అందరికీ రహస్యం తెలుసు మాస్టారూ. తెలియంది ఇదొక్కటే."

"మైకు తీసెయ్యండి" అన్నాడాయన. ఎవరో తీసేశారు. జాస్మిన్ మైకు లేకుండానే నిలబడింది.

అప్పుడు సాయిగణేష్ లేచాడు. మాస్టారికి అందరికంటే ఇష్టమైన శిష్యుడు, సన్మానం ఏర్పాట్లన్నీ అతనే చూశాడు. తన పెట్టె అడుగునుంచి ఒక జిప్ కవరు తీశాడు. అందులో నాలుగు చిప్పలున్నాయి. వాటిని వెలుతురుకు పట్టి ఒక్కొక్కటీ తిప్పాడు.

"నాకు చెమట ఎక్కువన్నారు మాస్టారు. హోమియో మందులు కూడా వాడాను" అన్నాడు. "నావీ అక్కడే చీలాయి."

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ అడగలేదు. పెట్టెలు తెరుచుకున్నాయి. పారేయొద్దన్నందుకు అందరూ దాచుకునే ఉన్నారు. చీరాల నుంచి వచ్చిన ఆవిడకు వేళ్ళు పొట్టివని చెప్పాడట. ఒంగోలు పెద్దాయనకు వయసు మీద పడిందని చెప్పాడట. ఒక్కొక్కరికీ ఒక్కో లోపం. బల్ల మీద చిప్పలు పెరుగుతూ పోయాయి, అన్నీ ఒక్కచోటే చీలినవి.

మార్కండేయులు తన బిళ్ళ ఏదని అడిగి తీసుకున్నాడు. "సరుకు వచ్చినట్టు అమ్ముతాను. నేను చేశానా?" అని, శాలువా తీసి కుర్చీ మీద వేసి, పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. భోజనాలు ఎవరూ సరిగ్గా తినలేదు. ఎలీసమ్మ మాత్రం ఆకు ఖాళీ చేసి లేచింది.

రెండు రోజుల తర్వాత ఆయన ఫోన్ చేశాడు. కోపంగా లేడు, అలసిపోయినట్టున్నాడు.

"మంచి చిప్పలు పది పంపిస్తానమ్మాయ్. ఇంతటితో వదిలెయ్."

"చిప్పలొద్దు మాస్టారూ. నా చేతుల తప్పు లేదని ఒక్క మాట చెప్పండి."

"సరే, లేదులే."

"నాతో కాదు. మన వాట్సాప్ గ్రూపులో చెప్పండి. నా చేతులు చాపించినప్పుడు చూసినవాళ్ళంతా అందులో ఉన్నారు."

ఆయన ఫోన్ పెట్టేశాడు.

గ్రూపులో ఆయన ఏమీ రాయలేదు. జాస్మిన్ తన ఏడు చిప్పల ఫోటో పెట్టి కింద రెండు వాక్యాలు రాసింది: "ఇవి అతుకు పెట్టిన సరుకు. పగిలితే మీ చేతుల్ని అనుమానించుకోవద్దు." పావుగంటలో ఆమెను గ్రూపులోంచి తీసేశారు. అదే ఫోటోను సాయిగణేష్ మళ్ళీ పెట్టాడు. అతణ్ణీ తీసేశారు. వారం తిరిగేసరికి సాయిగణేష్ ఇంకో గ్రూపు పెట్టాడు. నలభై మంది చేరారు.

అందులో ఒకరోజు, కొత్తగా చేరిన ఒక నంబరు నుంచి గొంతు సందేశం వచ్చింది. వెనక లేతు మిషను చప్పుడు వినిపిస్తోంది. "నా పేరు జాన్ బాషా. ఆటోనగర్. మొదటి ఇరవై చిప్పలు నేను చేశాను. తర్వాతవి నిలవవని ఆరేళ్ళ కిందటే నాకు తెలుసు. మార్కండేయులు గారికి చెప్పాను, మీకెవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది. పర్చూరు నుంచి ఒక సిస్టరొచ్చి అడిగింది, నా దగ్గర జవాబు లేకపోయింది. మీలో ఎవరి చేతుల్లోనూ తప్పు లేదు."

అది వచ్చినప్పుడు జాస్మిన్ ఆరోగ్య కేంద్రం వరండాలో ఉంది. టీకాల వరస ఇంకా సగమే అయింది. పిల్లలు ఏడుస్తున్నారు, డాక్టరు గారి ఉత్తర్వు ఇంకా అలాగే ఉంది, జేబులో బిళ్ళలు లేవు. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని సందేశం రెండోసారి విన్నది. కళ్ళు తుడుచుకుంది. ఐదేళ్ళ మీద ఆమెకున్న కోపం అలాగే ఉంది. జాన్ బాషాకు ఏం రాయాలో తోచలేదు, సాయంత్రం చూద్దామనుకుంది. ఫోన్ జేబులో వేసుకుని, చేతులు కడుక్కుని, వరసలో తర్వాతి పిల్లను పిలిచింది.